కోట గోడలు తెల్లగా ఉండెను

పొదిలి,
12 నవంబరు 2024.

శ్రీమతి ముప్పాళ్ళ పున్నమ్మ గారికి,

నమస్కారం. నేను మీ హైస్కూల్లో సోషల్ చెప్పిన శ్రీమన్నారాయణను. అప్పటికే సగం బట్టతల, చేతిలో బెత్తం. బెత్తం కంటే నోటినే ఎక్కువ వాడేవాడిని. ఇప్పుడు అరవై తొమ్మిదో ఏడు నడుస్తున్నది. మీ చిరునామా మీతో చదువుకున్న దుర్గాప్రసాద్ ఇచ్చాడు. చిలకలూరిపేటలో వాడి పురుగుమందుల కొట్టుకు మీరు వస్తూ ఉంటారట. ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు గాని, ఫోన్లో నాకు మాటలు సగమే వినబడతాయి. పైగా నేను చెప్పవలసింది ఫోన్లో చెప్పేది కాదు.

పదేళ్ళుగా నేనొక పుస్తకం రాస్తున్నాను. మాస్కో నడిబొడ్డున ఉన్న క్రెమ్లిన్ కోట మీద. మీ క్లాసులో పాఠం పక్కన పెట్టి ఆ కోట కథ చెప్పేవాడిని, గుర్తుందా? మొదట కర్రకోట, దాన్ని దండెత్తి వచ్చిన తాతార్లు తగలబెట్టారు. తర్వాత రాతిగోడ. ఆ తర్వాత ఇటలీ మేస్త్రీలు కట్టిన ఎర్ర ఇటుకల గోడ. ఒక రాజు రాజధానిని సముద్రం ఒడ్డుకు మార్చేసినా, పట్టాభిషేకానికి మాత్రం ప్రతి రాజూ ఆ కోటకే వచ్చాడు. రాజుల్ని దించినవాళ్ళు కూడా మళ్ళీ ఆ గోడల మధ్యకే వచ్చి కూర్చున్నారు. జెండాలు మారాయి గాని కుర్చీ అక్కడే ఉంది. నేను ఒక్కసారి కూడా ఆ దేశం వెళ్ళలేదు. చదివి రాశాను. రెండు వందల పేజీలయింది. చీరాలలో కరీముల్లా గారని ప్రెస్సు ఉన్న స్నేహితుడు అచ్చు వేస్తానన్నాడు.

పోయిన నెల మా పక్కింటి జక్రయ్య గారి అమ్మాయి సెలవులకు వచ్చింది. రష్యాలో డాక్టరీ చదువుతున్నది. నా కోసం ఒక కార్డు తెచ్చింది. పాత చిత్రం. కోట బురుజులన్నీ నాకు కంఠతా తెలిసినవే, కానీ గోడలు తెల్లగా ఉన్నాయి. "ఇది వేరే కోటమ్మా" అన్నాను. "కాదండీ, అదే. రెండు వందల ఏళ్ళ కింద దానికి సున్నం కొట్టేవాళ్ళు. నెపోలియన్ వచ్చినప్పుడు తెల్లగానే ఉంది" అంది. నేను ఆ పిల్లతో గంటసేపు వాదించాను. తర్వాత నాలుగు పుస్తకాలు తెప్పించుకుని చూస్తే ఆ అమ్మాయి చెప్పిందే నిజం.

అప్పుడు మీరు గుర్తొచ్చారు.

1988లో పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షకు నేనొక ప్రశ్న ఇచ్చాను: "నెపోలియన్ ప్రవేశించునాటికి క్రెమ్లిన్ కోట ఎట్లుండెనో వ్రాయుము." అయిదు మార్కులు. మీరు "కోట గోడలు తెల్లగా ఉండెను" అని మొదలుపెట్టారు. నేను తప్పు జవాబుకు ఇంటూ పెట్టేవాడిని కాదు. సరైనదాని పక్కన 'గింజ' అనీ, తప్పుదాని పక్కన 'తాలు' అనీ రాసేవాడిని. రైతుబిడ్డలకు అర్థమయ్యే దిద్దుబాటు అని నాకు మహా గర్వం. మీ పేపరు అందరి ముందూ చదివి, "ఎర్రటి మిరపకాయ తెల్లబడితే ఏమంటార్రా?" అని అడిగాను. "తాలూ!" అని నలభై మందీ అరిచారు. "మరి ఎర్రకోట తెల్లబడితే?" అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. తర్వాత కొన్నాళ్ళు మిమ్మల్ని 'తాలు పున్నమ్మ' అని పిలిచారని కూడా నాకు తెలుసు. నేను ఆపలేదు.

ఆ అయిదు మార్కుల తేడాతోనే జిల్లా వ్యాసరచన పోటీకి మీ బదులు దుర్గాప్రసాద్‌ను ఒంగోలు పంపాను. పది తర్వాత మీరు చదువు మానేశారని విన్నాను.

క్షమించమని అడుగుతున్నాను. ఒక్క సంగతి తెలుసుకోవాలి. మీ చదువు ఆగడానికి నా మాట కారణమా? మీ జవాబు వచ్చేదాకా కాగితాలు కరీముల్లా గారికి ఇవ్వను. అవుననే మీ జవాబైతే ఎప్పటికీ ఇవ్వను. కోట గురించి తెలిసిన మనిషిని తప్పన్నవాడికి ఆ కోట మీద పుస్తకం రాసే అర్హత లేదు.

ఇట్లు,
శ్రీమన్నారాయణ

*

ప్రత్తిపాడు,
1 డిసెంబరు.

మాస్టారికి పున్నమ్మ నమస్కారాలు.

మీ కవరు చూసి మా ఆయన బెంబేలెత్తిపోయాడు. ఈ రోజుల్లో పోస్టులో కవరు వచ్చిందంటే కోర్టు కాగితమే అనుకున్నాడు. "మా మాస్టారు రాశారు" అంటే, "ఇప్పుడేం తప్పు చేశావే?" అన్నాడు. చూశారా, మాస్టార్ల మీద జనానికి ఎంత మంచి అభిప్రాయమో.

ముందు ఆ 'శ్రీమతి', ఆ 'గారు', ఆ 'మీరు' తీసేయండి. మీరు నాకు మర్యాద ఇస్తుంటే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. "ఏమే పున్నమ్మా, నిలబడు" అన్న గొంతు తప్ప మీది వేరే గొంతు నాకు తెలియదు.

మీరు రాసిందేదీ నాకు గుర్తు లేదండీ. ఎప్పటి మాట! ఏ ప్రశ్నకు ఏం రాశానో, ఎవరు నవ్వారో ఎవరికి జ్ఞాపకం ఉంటుంది? మా ఇంట్లో ఆడపిల్లలెవరూ పది దాటలేదు, నేనూ దాటలేదు. అందులో మీ ప్రమేయం ఏమీ లేదు. హాయిగా పుస్తకం అచ్చుకివ్వండి. ఒంగోలు పంపించిన దుర్గాప్రసాద్ మాత్రం ఏం చేశాడు? నాకు పురుగుమందులు అమ్ముతున్నాడు. అదీ సగం పనిచేయనివి.

మేము క్షేమం. మూడెకరాలు మిరప, రెండెకరాలు పత్తి వేశాం. మిరపకు ఈసారి నల్లి పట్టింది, కాస్త తగ్గింది. అబ్బాయి నరసరావుపేటలో ట్రాక్టర్ల షోరూంలో చేస్తున్నాడు. అమ్మాయి బాపట్లలో వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఆ కార్డు మీద బొమ్మలో కింద నది ఉందా? నదిలో తెరచాప పడవలు రెండుండాలి, ఒకదాని కొసకు ఎర్ర గుడ్డ కట్టి ఉండాలి. ఊరికే అడుగుతున్నా.

మీ విద్యార్థిని,
పున్నమ్మ

*

పొదిలి,
14 డిసెంబరు.

చిరంజీవి పున్నమ్మకు ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే 'గారు' తీసేశాను. ఇప్పుడు నేను చెప్పినట్టు నువ్వు చెయ్యి.

నా ఉత్తరంలో కోట తెల్లగా ఉందని రాశాను గాని, నది మాటే ఎత్తలేదు. రాశానేమోనని చిత్తుప్రతి తీసి రెండుసార్లు చూశాను. లేదు. తర్వాత భూతద్దం పెట్టి కార్డు చూశాను. పడవలు రెండు. ఒకదాని కొసన గోరంత ఎర్ర గుడ్డ. జక్రయ్య గారి అమ్మాయికి కూడా అది కనబడలేదట.

అంటే నువ్వు ఈ బొమ్మ చూశావు. ముప్పై ఆరేళ్ళ కింద చూశావు, గోరంత గుడ్డతో సహా నీకు గుర్తుంది. క్లాసులో జరిగింది మాత్రం గుర్తు లేదంటావు! నీకు అబద్ధం చెప్పడం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

పెద్దవాణ్ణి, నొచ్చుకుంటానని దాస్తున్నావు. తెలుస్తూనే ఉంది. ఆ దయకు కృతజ్ఞుణ్ణి, కానీ నాకది వద్దు. ఈ వయసులో నాకు మిగిలింది, నేను చేసిన పనులేమిటో సరిగ్గా తెలుసుకోవడం ఒక్కటే. ఆ బొమ్మ ఎక్కడ చూశావు? చూసినదానివి ఆ రోజు లేచి ఎందుకు చెప్పలేదు? చదువు ఎందుకు ఆగింది?

కాగితాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. కరీముల్లా గారు రెండుసార్లు కబురంపారు. మాట దాటేశాను.

నీ మాస్టారు,
శ్రీమన్నారాయణ

*

ప్రత్తిపాడు,
23 ఫిబ్రవరి 2025.

మాస్టారికి నమస్కారాలు.

రెండు నెలలు జవాబు రాయలేదు. కోతలు మొదలయ్యాయని చెప్పొచ్చు, అది నిజమే. రాయబుద్ధి కాలేదన్నది ఇంకా నిజం. నిన్నటితో మొదటి కోత అయింది, కాయ కల్లంలో ఆరుతోంది. తుమ్ముకుంటూ రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకండి.

ఆ బొమ్మ మీరే ఇచ్చారు మాస్టారూ.

మీరు రష్యా పత్రికలు తెప్పించుకునేవారు కదా. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. చదివేశాక పుస్తకాలకు అట్టలు వేసుకోమని మాకు పంచేవారు. నా లెక్కల నోటు అట్ట మీద ఆ కోటే ఉంది. కింద తెలుగులో 'నెపోలియన్ నాటి క్రెమ్లిన్' అని అచ్చేశారు. లెక్కలు రానప్పుడల్లా ఆ పడవలు చూస్తూ కూర్చునేదాన్ని, లెక్కలు ఎప్పుడూ రావు కాబట్టి ఆ పడవలు అంత బాగా గుర్తున్నాయి. మీరు చూడకుండా పంచారు, నేను చూసి రాశాను. అంతే జరిగింది.

ఆ రోజు ఆ నోటు నా సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. ఎందుకు చూపలేదంటే భయపడి కాదు. మీరు తప్పు చెబుతారని అనుకోవడం కంటే, రష్యా వాళ్ళే తమ కోటకు తప్పు రంగు వేసుకున్నారని అనుకోవడం నాకు తేలికయింది. అచ్చు తప్పని నమ్మాను. సాయంత్రం ఇంటికి పోయి అట్ట చింపి పొయ్యిలో పెట్టాను.

ఇక చదువు. నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా. మా నాన్న ఆ ఏడు ఒక మాటన్నాడు. "జిల్లా పోటీకి నిన్ను ఎంచారంటే, కాలేజీకి పంపిస్తానే. ఎంచకపోతే నన్ను అడగొద్దు." తెల్లదోమ పత్తిని తినేసిన రోజులు, ఆయన కష్టం ఆయనది. ఎంచలేదని చెప్పాను. వేసవిలో నా పెళ్ళయింది.

కోపం లేదని రాస్తే అది ఇంకో అబద్ధం. చాలా కోపం ఉండేది. చదువు పోయినందుకు కాదు. కళ్ళతో చూసినదాన్ని నేనే నమ్మకుండా పోయినందుకు. పెళ్ళయి వచ్చాక కూడా, కూరలో ఉప్పు చాలిందో లేదో అత్తగారిని అడిగేదాన్ని. నా నాలుక మీద నాకే నమ్మకం లేదు.

ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు, కల్లంలో కాయ ఏరడానికి కూర్చోబెట్టారు. ఎర్రకాయ ఒక పక్క, తాలు ఒక పక్క. పదిమంది ఆడవాళ్ళు, ఎవరూ తెలియదు, ఎవరితోనూ మాట కలవదు. ఎండ, ఘాటు. మూడో రోజు ఏడుపొచ్చింది. ఏడిస్తే నవ్వుతారని నోటికొచ్చింది మొదలుపెట్టాను. "అనగనగా మాస్కో అనే ఊళ్ళో ఒక కోట ఉందంట..." మీరు చెప్పిందే, మీ గొంతుతోనే. మోగకముందే పగిలిపోయిన పెద్ద గంట, యుద్ధంలో ఒక్కసారీ పేలని పెద్ద ఫిరంగి. "మోగని గంట, పేలని ఫిరంగి... మా ఇంటాయన గురించే చెబుతున్నావా?" అని ఒకావిడ అంది. అందరూ పడి పడి నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఈ ఊరు మా ఊరయింది.

అప్పటినుంచి ప్రతి ఏడూ కల్లంలో ఆ కథే. నెపోలియన్ వెళ్ళిపోతూ కోట కింద మందుపాతర పెట్టించడం, వాన పడి ఒత్తులు తడిసి సగమే పేలడం. అక్కడికి వచ్చేసరికి అందరి చేతులూ ఆగిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పైనుంచి బాంబులు వేసేవాళ్ళకు కనబడకుండా ఆ గోడల మీద ఇళ్ళ బొమ్మలు వేశారని చెబితే, వేరే చేలో కూలికి పోయేవాళ్ళు కూడా మా కల్లానికి వచ్చేశారు. మనుషులు దొరక్క ఊరంతా అల్లాడుతుంటే మా కాయ మాత్రం ఆగదు. మా ఆయన మీకు రుణపడి ఉన్నానంటాడు.

ఒక ఏడు, "రాజులు పోయినా కొత్తవాళ్ళు మళ్ళీ ఆ కోటలోకే ఎందుకు పోయారు?" అని అడిగాను, మీరు మమ్మల్ని అడిగినట్టే. మాతో ఖుర్షిదా అని ఒకామె ఏరుతుంది. ఆమె తలెత్తకుండా, "కొత్త కోడలైనా పాత పొయ్యి దగ్గరే కదమ్మా కూచునేది, పొగ గొట్టం అక్కడే ఉంది మరి" అంది. మీరు పదేళ్ళు చదివి రాసినదాంట్లో ఇంతకంటే బాగా ఉందా?

ఆ కథ మీరు ఇవ్వకపోతే నేను ఏమైపోయేదాన్నో తెలియదు. మీరు నా నుంచి ఒకటి తీసుకున్నారు, ఒకటి ఇచ్చారు. తీసుకున్నది చిన్నదేమీ కాదు. ఇచ్చింది అంతకంటే పెద్దది. ముప్పై ఆరేళ్ళుగా దానితోనే బతికాను. అందుకు మీకు దణ్ణం పెడుతున్నాను మాస్టారూ, పుస్తకం ఆపొద్దు.

పున్నమ్మ

*

పొదిలి,
6 మార్చి.

చిరంజీవి పున్నమ్మకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

మీ నాన్నగారి షరతు సంగతి నాకు తెలియదని ఒక వాక్యం రాసి కొట్టేశాను. తెలియదన్నది నిజమే గాని, తెలుసుకోలేదన్నది అసలు నిజం. మీ ఇల్లు స్కూలుకు రెండు వీధుల అవతల. ఒకసారి వచ్చి, "పిల్ల బాగా చదువుతుందండీ" అని ఉంటే సరిపోయేది. కోటలో రాజులు ఎవరెవరి చేతిలో ఏమేం పోగొట్టుకున్నారో అన్నీ చెప్పాను. రెండు వీధుల అవతల ఏం పోతున్నదో చూడలేదు.

నీకు నేను కృతజ్ఞత చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక ఈ కాగితం ముందు కూర్చున్నాను. ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎవరైనా ఒక్కరు నేను చెప్పింది గుర్తుంచుకున్నారా అన్న దిగులు నాకు లోపల ఉండేది. ఉందని మా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. నువ్వు తీర్చావు. నా వల్ల నష్టపోయిన మనిషే తీర్చింది.

ఒక్క కోరిక. ఆ మాట నేను నలభై మంది ముందు అన్నాను. కవరులో పెట్టి చాటుగా వెనక్కి తీసుకోవడం న్యాయం కాదు. ఆ నలభై మంది ఇప్పుడు దొరకరు. నీ కల్లంలో ఇన్నేళ్ళుగా ఎర్రకోట కథ విన్నవాళ్ళున్నారు. వాళ్ళ ముందు చెబుతాను. రెండో కోత కాయ ఎప్పుడు ఏరుతారో రాయి. అద్దంకి మీదుగా చిలకలూరిపేట వచ్చి, అక్కడ బస్సు మారతాను. వద్దనకు.

శ్రీమన్నారాయణ

*

ప్రత్తిపాడు,
9 ఏప్రిల్.

మాస్టారికి నమస్కారాలు.

క్షేమంగా చేరారని జక్రయ్య గారి ఫోన్ నుంచి మీరు పెట్టించిన మెసేజి చూసి కుదుటపడ్డాం. ఆ ఎండలో మీరు గొడుగు కూడా లేకుండా దిగేసరికి మా ఆయన పరుగెత్తుకొచ్చిన సంగతి ఊరంతా చెప్పుకుంటున్నారు.

మీకు సగం వినబడలేదని నాకు తెలుసు. అందరూ ఒకేసారి మాట్లాడారు, మీరు అన్నిటికీ తలూపారు. అందుకే మీరు వినని సగం రాస్తున్నా.

మీరు కల్లం అంచున నిలబడి, "నేను ఈమె మాస్టారిని. ఆ కోట తెల్లగా ఉండేదని ఈమె పదిహేనేళ్ళ వయసులోనే రాసింది. నేను తప్పని అందరి ముందూ ఎగతాళి చేశాను. తప్పు నాది, ఒప్పు ఈమెది" అన్నారు కదా. అప్పుడు అందరూ ఏరడం ఆపేసి మిమ్మల్నే చూస్తుంటే మీరు మొహం చిన్నబుచ్చుకున్నారు. ఒక మాస్టారు తప్పు ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు మాస్టారూ, అంతే. మొదట తేరుకున్నది ఖుర్షిదా. "ఇంత పెద్దాయన బస్సెక్కి వచ్చి తప్పైందన్నాడు. మా ఆయన పక్క గదిలోంచి వచ్చి అనడు" అంది. ఆ నవ్వులు అందుకే. మీ మీద కాదు.

తర్వాత నా మీద పడ్డారు. "అయితే ఇన్నేళ్ళూ ఎర్రగోడలని మాకు చెప్పి మోసం చేశావా? మా పిల్లలకి కూడా అదే చెప్పాం గందా!" అని. వాళ్ళను ఇప్పుడు నేను సముదాయించాలి.

అసలు తమాషా ఇంకోటుంది. ఖుర్షిదా మిమ్మల్ని, "అంత గోడకి సున్నం ఎవరు కొట్టారండీ?" అని అడిగింది. మీకు 'ఎవరు కట్టారు' అని వినబడింది. "ఇటలీ వాళ్ళు" అని గట్టిగా చెప్పారు. దాంతో ఇటలీ నుంచి సున్నం కొట్టే కూలీలను పిలిపించారని కల్లమంతా నమ్మేసింది. "వాళ్ళ ఊళ్ళో మనుషులు దొరకలేదేమో, మనకు మల్లే" అని జాలిపడ్డారు కూడా.

నవ్వుకున్నాను గాని, రాత్రంతా అదే మాట బుర్రలో తిరిగింది. మీరిచ్చి వెళ్ళిన కాగితాలు మొత్తం చదివాను. అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పడం లేదు. కానీ రెండొందల పేజీల్లోనూ కట్టించినవాళ్ళు, కట్టినవాళ్ళు, కూల్చబోయినవాళ్ళు ఉన్నారు. సున్నం కొట్టినవాళ్ళు లేరు. మీరన్నారే, ఆ గోడ రెండు కిలోమీటర్ల పైమాటేనని. మొన్న పండక్కి మా మసీదుకు సున్నం కొట్టడానికే వారం పట్టిందని ఖుర్షిదా అంటోంది. చేతులు పొక్కిపోయాయట. అంత గోడకు ఎన్ని చేతులు కావాలి? వానకు వెలిసిపోతే మళ్ళీ ఎవరు కొట్టారు? కుర్చీలో కూర్చున్నవాళ్ళకు గోడ తెల్లగా కనబడింది ఎవరి పుణ్యాన?

బస్సెక్కుతూ మీరు ఒక మాటన్నారు, తెల్లగోడల అధ్యాయం నన్ను రాయమని. నేను నవ్వి ఊరుకున్నాను. పది చదివినదాన్ని, నాకేం వస్తుంది అనుకున్నాను. ఇప్పుడు నాకు పట్టుదల వచ్చింది. సున్నం గురించి ఏమేం తెలుసో ఆ పుస్తకాల్లోవి తెలుగులో రాసి పంపండి. చేలో పని అయిపోయింది. అమ్మాయి కూడా సెలవులకు వస్తోంది, తప్పులు చూస్తానంది. కుదిరితే కుదిరింది, లేకపోతే కల్లంలో చెప్పుకుంటాను.

మీరొచ్చి నిలబడినందుకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎంతో మీకు ఉత్తరంలో చెప్పడం నా వల్ల కాదు. మొన్న కూరలో ఉప్పు చూసి, ఎవరినీ అడక్కుండా దించేశాను.

పున్నమ్మ

*

పొదిలి,
20 జూన్.

చిరంజీవి పున్నమ్మకు ఆశీస్సులు.

నీ అధ్యాయం అందింది. తొమ్మిది పేజీలు. ఎర్ర పెన్ను తీసి కూర్చున్నాను, అలవాటు. రెండు చోట్ల ఒత్తులు సరిచేశాను. తర్వాత పెన్ను మూత పెట్టేసి చదువుకుంటూ పోయాను.

నా రెండు వందల పేజీల్లో 'తెలియదు' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. వెతికి చూశాను. నీ తొమ్మిది పేజీల్లో ఆరుసార్లు ఉంది. "సున్నం కొట్టినవాళ్ళ పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. వాళ్ళు ఎంతమందో తెలియదు. ఆడవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు. గోడ తెల్లగా ఉందంటే వాళ్ళు వచ్చారన్నమాట, అది మాత్రం తెలుసు" అని రాశావు. నేను ముప్పై రెండేళ్ళు చరిత్ర చెప్పాను. చరిత్ర అలా చెప్పాలని నాకు తోచలేదు. మిగతా పుస్తకమంతా ముందేసుకుని, నాకు తెలియనివాటి పక్కన తెలియదని రాసుకుంటూ వచ్చాను. పుస్తకం ఇరవై పేజీలు తగ్గింది, మెరుగైంది.

నిన్న చీరాల వెళ్ళి కరీముల్లా గారికి కాగితాలు ఇచ్చేశాను. అట్ట మీద ఎవరి పేరు వేయాలని అడిగారు. రెండు పేర్లు చెప్పాను. "ఎవరిది ముందు?" అన్నారు. "హాజరు పట్టీ ప్రకారం వేయండి. 'పు' ముందొస్తుంది, 'శ్రీ' తర్వాతొస్తుంది" అన్నాను. నేను నీకు చేస్తున్న ఉపకారం కాదిది, అక్షరమాల చేసింది. నువ్వు వద్దని రాస్తావని తెలుసు. రాసినా లాభం లేదు, నాకు సగం మాటలే వినబడతాయి.

పున్నమ్మా, ఈ పుస్తకం పూర్తి కాకుండానే పోతాననుకున్నాను. పూర్తి చేసింది నువ్వు. ఈ మాట నేను బతికుండగా నీకు చెప్పగలిగినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియడం లేదు.

ఒక్క సందేహం. నీ ఇంటిపేరు ఎలా వేయించమంటావో రాయి. కరీముల్లా గారు ముప్పాళ్ళ పున్నమ్మ అని అక్షరాలు కూర్చి పెట్టారు. నీ జవాబు చూశాకే అట్ట అచ్చు.

నీ మాస్టారు,
శ్రీమన్నారాయణ

*

ప్రత్తిపాడు,
2 జూలై.

మాస్టారికి నమస్కారాలు.

వద్దని రాయడానికే కాగితం తీశాను. మా అమ్మాయి లాక్కుని, "రాశావంటే ఊరుకోను" అంది. కాబట్టి వద్దనడం లేదు.

ఇంటిపేరు గురించి చాలా ఆలోచించాను. ముప్పాళ్ళ పున్నమ్మకు మిరప తెలుసు, పత్తి తెలుసు, పిల్లల్ని పెంచడం తెలుసు. ఆ కోట తెల్లగా ఉండేదని రాసింది మాత్రం ఆమె కాదు. మీరు పొద్దున్నే హాజరు పిలిస్తే రెండో బెంచీ నుంచి లేచి "ప్రెజెంట్ సార్" అన్న పిల్ల ఒకతి ఉంది. ఆ జవాబు దానిది. ఈ తొమ్మిది పేజీలు కూడా అదే రాసింది, నేను పక్కన కూర్చున్నానంతే. దాని పేరే వేయించండి. గాదె పున్నమ్మ అని.

ఇంట్లో ఏమనుకుంటారోనని మా ఆయన్ని అడిగాను. పుట్టింటి పేరు వేస్తే నీకు కష్టంగా ఉంటుందా అని.

"ఆ పిల్లను నేను చూడలేదు కదే," అన్నాడు. "నా దగ్గరికొచ్చేసరికే వెళ్ళిపోయింది. వేయించు, చూస్తాను."

ఇట్లు,
గాదె పున్నమ్మ